కాంక్రీటు అచ్చులో క్రిస్మస్ కేకు

గుడియాత్తంలో మా అక్క ఉండే వీధిలో కాలాన్ని రెండు ముక్కలు చేసి మాట్లాడతారు. దాసు కేకుకు ముందు, దాసు కేకుకు తర్వాత. "మీ పెద్దోడి పెండ్లి ఎప్పుడైనాదమ్మా?" అని అడిగితే, "దాసు కేకు పొంగినాదే, ఆ మరుసటేడు" అని జవాబు వస్తుంది. ఆ దాసును నేనే. ఒక్క కేకుతో ఒక బస్సును, ఒక బేకరీ పొయ్యిని, ఒక వీధి మొత్తం క్రిస్మస్‌ను ఒకే పూటలో ప్రమాదంలో పడేసినవాడు భూమ్మీద ఇంకొకడు ఉంటే దయచేసి నాకు చూపించండి. ఇద్దరం చేతులు పట్టుకుని ఏడుస్తాం.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఈ ఘోరం ఎలా జరిగిందో మీకు అర్థం కాదు. మాది వేలూరు. కట్టడాల పనిలో లెక్కలు వేయడం నా బతుకుతెరువు. ఇంటి ప్లాను నా చేతికిస్తే ఇటుకలెన్ని కావాలో, సిమెంటు ఎన్ని మూటలో, కంకర ఎన్ని లోడ్లో చెప్పేస్తాను. ఇంజనీరింగు చదవలేదు. పదో తరగతి దగ్గర బడికి దండం పెట్టి, మేస్త్రీల వెనక సైట్ల మీద తిరిగి, చూసి, కొలిచి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నాను. సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు వచ్చిన ఒక్క లెక్క లోకమంతటికీ సరిపోతుందనుకుంటాడు. ఆ రోజుల్లో నేను కూరలో ఉప్పు ఎక్కువైతే "పాళ్ళు తప్పాయి" అనేవాణ్ణి. మా ఆవిడ సుగుణ "ఇంకొంచెం ఇసుక కలపమంటారా?" అని అడిగేది. అది వెటకారమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాకు లెక్కల మీద మోజు పుట్టించింది మా అక్క రూతమ్మ. అక్క గుడియాత్తంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. వంకరపోయిన పుల్లలను కొంగులో కట్టుకొచ్చి, నేల మీద పేర్చి, నాకు కూడికలు, తీసివేతలు నేర్పింది. మేము చదివింది తమిళ బడి కాబట్టి తెలుగు అక్షరాలు కూడా అక్కే బైబిలు ముందు పెట్టుకుని దిద్దించింది. కాబట్టి ఈ కథలో లెక్క తప్పినందుకు తిట్టాలంటే నన్ను తిట్టండి, చదవగలిగేలా రాసినందుకు అక్కను మెచ్చుకోండి.

అక్కకు చాలా ఏళ్ళుగా షుగరు. తర్వాత అది కాళ్ళలోకి దిగింది. నరాలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పారు. పగలంతా అరికాళ్ళు మొద్దుబారినట్టుంటాయి, పడుకుంటే మంటలు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేదు. ఎలా ఉంటుందక్కా అని ఒకసారి అడిగాను. అక్క మామూలుగానే చెప్పింది.

"ఇన్నేండ్లు నేను పెట్టెల్లో పెట్టిన పుల్లలన్నీ ఉండాయి చూడు నాయనా, వాటిని ఎవురో ఒక్కొక్కటే నా కాలి కింద గీస్తాండారు."

ఇక ఆ వీధి ఆచారం. క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ కేకు పిండి కలుపుకుని, టిన్నుల్లో పోసుకుని, బాషాభాయ్ బేకరీకి తీసుకెళ్తారు. కట్టెల పొయ్యి. ఆ పూట భాయ్ తన బన్నులు మానేసి వీధి కేకులు కాల్చిపెడతాడు. సాయంత్రానికి టిన్నులన్నీ అక్క ఇంటి అరుగు మీదికి వస్తాయి. అక్క ప్రార్థన చేసి, ప్రతి టిన్నులోంచీ ఒక చిటికెడు తీసి నోట్లో వేసుకుంటుంది. "ఎస్తేరుది జాజికాయ జాస్తి. పరవాలా." "ఇది ఎవురిదమ్మా, ద్రాక్ష యాడ దాచిపెట్టినావు?" ఇలా ఒక్కో మాట చెప్పి కత్తి పట్టుకుంటుంది. ఆమె కోసి పంచితేనే ఆ వీధికి పండగ వచ్చినట్టు.

ఆ ఏడు పండగకు ముందు అక్క ఫోను చేసింది.

"ఈసారి కత్తి ఎస్తేరుకి ఇచ్చేస్తాను రా దాసూ."

"ఏంటికక్కా?"

"రుచి చూడనిది కోసేకి నాకేం హక్కుండాది? పోయినేడు నాకని గిన్నెలో ఉడకబెట్టిన పెసలు ఇచ్చినారు. ప్రేమగానే ఇచ్చినారులే. అందరూ కేకు తింటా ఉంటే నేను పెసలు నములుకుంటా కూచున్నా. బంతిలో నన్ను దూరంగా కూచోబెట్టినట్టయిపోయింది."

"దానికి కత్తి ఇచ్చేస్తావా?"

"పోనీలే రా. కాళ్ళు కూడా నిలబడనీవు. ఎస్తేరు బాగా కోస్తాది."

అక్క గొంతులో ఏడుపు లేదు. ఉంటే బాగుండేది. సిమెంటు అయిపోయిందని చెప్పే మేస్త్రీ గొంతులా పొడిగా ఉంది. నాకు ఆ రోజంతా ఏ లెక్కా కుదరలేదు. అక్క తినగలిగే కేకు ఒకటి చేయాలి, అది వీధి అందరికీ సరిపోవాలి, అందరూ తినేదే అక్కా తినాలి, కత్తి అక్క చేతిలోనే ఉండాలి. ఇదీ నా పథకం. ఇక్కడిదాకా మీరు నన్ను మంచివాడనే అనుకుంటున్నారు కదా? అలాగే ఇంకొంచెంసేపు అనుకోండి.

తర్వాతి వారం అక్కను చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు, అక్క రక్తపరీక్షకు వెళ్ళగానే, తిండి గురించి సలహాలు చెప్పే అమ్మాయి దగ్గర కూర్చున్నాను. ఆమె ఓపికగా తమిళంలో చెప్పింది. రాగిపిండి, గోధుమపిండి చెరిసగం. ఈ కాలంలో మార్కెట్టు నిండా వచ్చే పరంగికాయను ఆవిరి మీద ఉడికించి మెదిపి వేయాలి. పరంగికాయ అంటే మన తీపి గుమ్మడే. నువ్వులు, దంచిన వేరుశనగపప్పు. చక్కెర వద్దు, నాలుగు ఖర్జూరాలు చాలు. మైదా వద్దు. పొంగడానికి ఈస్టు.

"సార్, ఒక మాట. ఇది మందు కాదు. నొప్పి పోతుందని అనుకోకండి. పండగ పూట ఒక ముక్క భయం లేకుండా తినొచ్చు, అంతే. ఒక్క ముక్కే."

"సరేనమ్మా."

"టిన్నులో సగానికే పోయండి."

ఈ చివరి మాట దగ్గర నేను లోలోపల నవ్వుకున్నాను. పాపం చిన్నపిల్ల, పని తెలియదు అనుకున్నాను. మా వృత్తిలో అచ్చును సగానికే నింపేవాణ్ణి దొంగ అంటారు.

ఇప్పుడు మీకు కాంక్రీటు గురించి ఒక్క రహస్యం చెప్పాలి, భయపడకండి. పొడి ఇసుక, సిమెంటు, కంకర ఒక తొట్టి నిండా తీసుకుని నీళ్ళు పోసి కలిపితే, వచ్చే కాంక్రీటు తొట్టి నిండదు. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు దూరి సరుకు కుంగిపోతుంది. అందుకని ఎంత కాంక్రీటు కావాలో దానికి ఒకటిన్నర రెట్లు పొడి సరుకు తీసుకోవాలి. ఈ ఒకటిన్నర మర్చిపోయి శ్లాబు మధ్యలో సరుకు చాలక నిలబడిపోయిన కాంట్రాక్టర్లను నేను కళ్ళారా చూశాను. అందువల్ల ఈ ఒకటిన్నర నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఆ రోజు ఎవరూ అడగకుండానే వచ్చింది.

పాత్ర దగ్గర ఇంకో చిక్కు. మార్కెట్లో కేకు టిన్నులు చూశాను. పైన వెడల్పు, కింద సన్నం, అంచుకు మడత. కచ్చితమైన కొలత చెప్పలేని పాత్రను నేను నమ్మను. నా దగ్గర సైటు కోసం కొత్తగా తెచ్చిన ఒక ఇనుప అచ్చు ఉంది. కాంక్రీటు బలం పరీక్షించడానికి చిన్న దిమ్మలు పోస్తామే, ఆ అచ్చు. ఎటు చూసినా పదిహేను సెంటీమీటర్లు. నాలుగు మూలలా బోల్టులు. లోపలి కొలత వెంట్రుకవాసి కూడా తప్పదు.

సుగుణ వంటింట్లోకి వచ్చేసరికి నేను ఆ అచ్చును చింతపండుతో తోముతున్నాను.

"ఏందండీ ఇది?"

"కేకు టిన్ను."

"కేకు టిన్నుకి స్పానరేంటికి?"

"విప్పడానికి."

సుగుణ కాసేపు నన్ను, కాసేపు అచ్చును చూసింది. "ఆస్పత్రి పాప సగానికే పొయ్యమన్నాదని మీరే కదా చెప్పినారు?"

"ఆమెకు తెలియదు సుగుణా. సరుకు కుంగుతుంది."

"ఈస్టు వేస్తాండారు కదా, పొంగదా?"

"పొంగేదంతా గాలి. గాలి లెక్కలోకి రాదు."

పెద్ద మాట అన్నాననుకున్నాను. ఇప్పుడు కూడా మా ఇంట్లో పూరీ పొంగినప్పుడల్లా "గాలి లెక్కలోకి రాదండీ" అని సుగుణ నా పళ్ళెంలో వేస్తుంది.

అచ్చుకు ఒకటిన్నర రెట్ల సరుకు తూచి కలిపాను. అచ్చంతా నిండింది, గిన్నెలో ఇంకా బోలెడు మిగిలింది. మామూలు మనిషి ఇక్కడ ఆగుతాడు. నేను ఇనుప కమ్మీ ముక్క తెచ్చాను. కాంక్రీటును పొరలు పొరలుగా వేసి, గాలి బుడగలు పోయేలా కమ్మీతో పొడవడం మా పద్ధతి. అలాగే పొడిచాను. పిండి కిందికి దిగింది. మిగిలింది వేశాను. మళ్ళీ పొడిచాను. చివరకు అంతా అచ్చులో పట్టింది. తాపీతో పైభాగం చదును చేశాను. అద్దంలా వచ్చింది. ఏ ఇంజనీరు చూసినా సంతకం పెట్టేసేవాడు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి పైన చిన్న గుట్ట లేచింది.

"చూడండి, పొంగతాండాది," అంది సుగుణ.

"లోపల గాలి చిక్కుకుంది." మళ్ళీ పొడిచాను.

చొక్కా మార్చుకుని వచ్చేసరికి మళ్ళీ గుట్ట.

"దానికి మీరంటే భయం లేదండీ."

నేను పైన ఒక స్టీలు పళ్ళెం బోర్లించి, తాడుతో కట్టేశాను.

అక్కకు తెలియకుండా నేరుగా బేకరీకే తీసుకెళ్ళాలని వేలూరులోనే కలిపి బస్సెక్కాం. ఇనుము బరువు, పిండి బరువు కలిపి ఒళ్ళో పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కాయి. సుగుణ నా పక్కన కూర్చోలేదు. రెండు సీట్లు వెనక కిటికీ పక్కన కూర్చుని, నేనెవరో తెలియనట్టు పొలాలు చూడసాగింది. నా పక్కన తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన పంచె ఎంత తెల్లగా ఉందంటే, నాకు అప్పుడే గుండెలో రాయి పడింది.

పళ్ళికొండ దాటాక పళ్ళెం ఒక పక్కకు లేచి నాకు సలాము చేసింది. అరచేత్తో నొక్కాను. ఇంకో పక్క లేచింది. అటు నొక్కాను. పెద్దాయన మెల్లగా కిటికీ వైపు జరిగాడు.

"ఏమప్పా, పెట్టెలో కోడి ఉండాదా?"

"లేదయ్యా, కేకు."

"కేకా? కదలతాండాదే."

అప్పటికి పళ్ళెం చుట్టూ గోధుమరంగు నురగ తొంగి చూస్తోంది. కండక్టరు వచ్చి నా ముందు ఆగాడు.

"ఏమప్పా ఇది? ఊపిరి తీస్తాండాది! ప్రాణముండే దానికి టిక్కెట్టు తీయాల."

"ప్రాణం లేదన్నా, రాగిపిండి."

"రాగిపిండికి ఇనుప పెట్టె, దానికి బోల్టులా?" కండక్టరు బస్సంతటికీ వినపడేలా అన్నాడు. "అది తప్పించుకొని పోతాదనా?"

బస్సు నవ్వింది. వెనక నుంచి ఒక ఆడగొంతు అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ గొంతుతో నాకు పెండ్లయి ఇరవై ఏళ్ళు దాటింది.

నేను జేబులోంచి తాపీ తీసి (అవును, తాపీ తెచ్చుకున్నాను, మేస్త్రీల సహవాసం) బయటికి వచ్చిన పిండిని గీకి టిఫిను డబ్బాలో వేయసాగాను. ఒక మలుపు దగ్గర బస్సు ఊగింది. పిండిలో ఒక ముద్ద పెద్దాయన పంచె మీద, ఇంకో ముద్ద ఎదురు సీటులోంచి కాళ్ళు చాపుకున్న ఒకాయన పంచె మీద పడింది. పెద్దాయన తన ముద్దను వేలితో తీసి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"నువ్వులేసినావా? బాగుండాది," అన్నాడు. నా కేకుకు ఆ రోజు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. దాంతో నాకు ధైర్యం వచ్చింది. అదే తప్పయింది.

బేకరీ దగ్గర పండగ సంత. ఆడవాళ్ళు టిన్నులు పట్టుకుని వరసలో ఉన్నారు. అందరికంటే ముందు ఎస్తేరమ్మ. అక్క కత్తి ఇస్తానన్నది ఈవిడకే. అంత మంచి మనిషి వీధిలో లేదు, అంత గట్టి గొంతు గుడియాత్తంలో లేదు. ప్రతి టిన్ను మీదా పైభాగం మాడకుండా వెన్నకాగితం కప్పి ఉంది. డబ్బాలోకి గీకిన పిండిని నేను ఒక మూలకు పోయి తిరిగి అచ్చులోకి కూరి, ఆఖరుసారి పొడిచి, పళ్ళెం బోర్లించి వచ్చాను. తూచిన సరుకు తూచినట్టే లోపల ఉండాలి. అది నా నియమం.

బాషాభాయ్ నా అచ్చును ఎత్తబోయి ఆగిపోయాడు.

"దాసన్నా, ఇది కేకా, ఇంటికి పునాదా?"

"రూతక్క కోసం భాయ్."

రూతక్క పేరు చెబితే ఆ వీధిలో తలుపులు తెరుచుకుంటాయి. పొయ్యి తలుపు కూడా తెరుచుకుంది. భాయ్ పొడుగు కర్ర పార మీద అచ్చును పెట్టి లోపలికి తోశాడు. పార కిర్రుమంది. మిగతా టిన్నులు అరచేయంత ఎత్తు కూడా లేవు. వాటి నడుమ నా అచ్చు గుడిసెల మధ్య లేచిన అపార్టుమెంటులా నిలబడింది. పళ్ళెం తీసేసి భాయ్ తలుపు మూశాడు.

మొదట మంచి వాసన వచ్చింది. నేను చేతులు కట్టుకుని నిలబడి, ఇంత సరుకు ఇంత వేడికి ఎంతసేపో మనసులో గుణించుకుంటున్నాను. తర్వాత ఇంకో వాసన వచ్చింది.

"భాయ్, ఏందో మాడతాండాది," అంది ఎస్తేరమ్మ.

భాయ్ తలుపు తీశాడు. తీసి, "అల్లా!" అన్నాడు.

ఎలా చెప్పను? నా కేకు అచ్చులోంచి లేచి నిలబడి, చుట్టూ చూసి, ఇల్లు చాలక బయలుదేరింది. తలపాగాలా పైకి లేచి, అంచుల మీదుగా జారి, అంత ఎత్తునుంచి నాలుగు దిక్కులా టిన్నుల మీద పడి, పాకి, పరుచుకుంది. ఒక్క టిన్ను కూడా కనబడలేదు. అన్నిటి మీదా నా రాగిపిండే.

"అయ్యయ్యో నా కేకు! ఎవురిదమ్మా ఈ బండ?" ఎస్తేరమ్మ గొంతు రైలుకూతలా లేచింది. "వారం దినాలు ద్రాక్ష నానబెట్టినా నేను!"

నేను చాలా గంభీరంగా పొయ్యిలోకి తొంగి చూసి, "ఎవరిదో పాపం," అన్నాను.

"మాదే," అంది సుగుణ.

అందరూ నా వైపు తిరిగారు. ఆ చూపుల వేడికి ఇంకో కేకు కాలి ఉండేది.

"దాసూ! లెక్కలు తెలిసినోడివి నువ్వా ఈ పని చేసింది?" అంది ఎస్తేరమ్మ.

"లెక్క ప్రకారమే చేసినానమ్మా."

"ఆ లెక్క నాకు చూపించు, పొయ్యిలో వేస్తా!"

టిన్నులన్నీ గోధుమరంగు పెంకు కట్టుకుని బయటికి వచ్చాయి. వాటిని పట్టుకుని ఆడవాళ్ళు అక్క ఇంటికి నడిచారు. వెనక నా అచ్చు తోపుడుబండి మీద పొగలు కక్కుతూ వచ్చింది. దాని వెనక నేను. దూరంనుంచి చూసినవాళ్ళు ఎవరు పోయారని అడిగారు.

అక్క అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పులు తొడుక్కోలేదు, ఆ కాళ్ళకు తొడుక్కునే వీలూ లేదు. చల్లటి నేల మీద పాదాలు ఆనించుకుని ఉంది. బల్ల మీద కత్తి, ఎస్తేరమ్మ కూర్చునే వైపు పిడి పెట్టి ఉంది. అది చూడగానే నాకు పొయ్యిలో జరిగింది మర్చిపోయేంత బాధ వేసింది.

"ఏందిరా ఇదంతా?"

"నీకోసం చేసినానక్కా. నువ్వు తినేది. చక్కెర లేదు, మైదా లేదు. అందరికీ ఒకటే కేకు. నువ్వే కోయాలని."

నేను స్పానరు తీసి బోల్టులు విప్పాను. ఇనుప పలకలు ఊడిపడ్డాయి. నల్లటి దిమ్మ, అంచులు కచ్చితంగా, మూలలు లంబంగా. కొలతలో ఇసుమంత లోపం లేదు. కత్తి దిగలేదు. వేలితో కొట్టి చూశాను, టంగుమంది. సైటు మీద ఆ శబ్దం వింటే సంతోషంతో బీడీ వెలిగిస్తారు. చివరకు అంచు పట్టి విరిస్తే, బయట అరంగుళం బొగ్గు, లోపల పచ్చిపిండి జావ.

"దీన్ని తింటే కాలు నొప్పి ఉండదులే," అంది ఎస్తేరమ్మ. "కడుపునొప్పి ముందు వస్తాది."

నేను తలెత్తలేదు. పెసల గిన్నె మళ్ళీ వస్తుంది. కత్తి అటు పోతుంది. నేను చేసిన ఘనకార్యం వల్ల ఈసారి ఎవరికీ కేకు కూడా లేదు.

అప్పుడు ఎస్తేరమ్మ నిట్టూర్చి, తన టిన్ను ఎంతవరకు పాడయిందో చూద్దామని కాగితం అంచు పట్టి లాగింది. వెన్నకాగితం కాగితంలాగే లేచి వచ్చింది. కింద ఆమె ద్రాక్ష కేకు చెక్కుచెదరకుండా నవ్వుతోంది. కాగితం మీద నా పిండి పలచగా, అప్పడంలా, ఎర్రగా కాలి గట్టిపడి ఉంది.

"అది ఇట్లియ్యి," అంది అక్క.

"ఏదక్కా?"

"ఆ పెంకు."

గోరంత విరిచి నోట్లో పెట్టుకుంది. కర్రుమంది. ఆ అరుగు మీద అందరికీ వినబడింది. అక్క కళ్ళు మూసుకుని నమిలింది.

"పరంగికాయ," అంది. కొంచెం ఆగి, "నువ్వులు. శనక్కాయ. తీపి యాడిది రా?"

"ఖర్జూరమక్కా. నాలుగే."

"ఎస్తేరు టిన్ను మీదిది బాగా కాలింది," అంది అక్క. చెయ్యి పక్క టిన్ను వైపు పోయింది. ఆ టిన్ను తెచ్చినావిడ గబగబా కాగితం లాగింది. అక్క అక్కడా చిటికెడు తీసింది. "ఇది మెత్తగుండాది. పొయ్యిలో ఓరకు పెట్టినట్లుండారు." తర్వాత దానికి పక్కది. ఆడవాళ్ళు ఇప్పుడు వరసలో నిలబడి టిన్నులు ముందుకు చాస్తున్నారు. "నాది చూడక్కా, నాది!" ఇందాక నా లెక్కను పొయ్యిలో వేస్తామన్నవాళ్ళే వీళ్ళు.

అక్క ప్రతి టిన్నునుంచీ చిటికెడు తీసుకుంది. ఒక్క టిన్నూ వదల్లేదు. ప్రతిదానికీ ఒక మాట చెప్పింది. నేను ఆ చిటికెళ్ళన్నీ మనసులో కూడుతూ నిలబడ్డాను, అలవాటు కదా. అన్నీ కలిపితే ఆస్పత్రి అమ్మాయి చెప్పిన ఒక్క ముక్కకు కొంచెం తక్కువే అయింది.

చివరి టిన్ను అయ్యాక అక్క చెయ్యి చాచింది.

"కత్తి యాడ?"

ఎస్తేరమ్మ బల్ల మీద కత్తి తీసి, పిడి అక్క వైపు తిప్పి ఇచ్చింది. "ఇదో, తీసుకో. నాకు ఒకటే బెదురుగా ఉండె, వంకరగా కోస్తానేమోనని."

అక్క కూర్చునే కోసింది. కోస్తూ మధ్యలో నా నల్ల దిమ్మను చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక కత్తి పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది.

"కాళ్ళు మండతాండాయి రా నాయనా," అంది నవ్వుల మధ్య, "నవ్వించొద్దు, నేల అదురుతాది."

మంట తగ్గలేదు. ఒక కేకు పెంకుకు అంత శక్తి ఉంటుందని నేను చెప్పను, చెబితే ఆ ఆస్పత్రి అమ్మాయి నన్ను క్షమించదు. ఆ రాత్రి కూడా అక్క కాళ్ళ కింద ఎవరో పుల్లలు గీసే ఉంటారు. కానీ ఆ సాయంత్రం అక్క బంతిలోనే కూర్చుంది.

నల్ల దిమ్మను వీధి చివర పెట్టాం. ఒక ఆవు వచ్చి, వాసన చూసి, నా మొహం చూసి, తల తిప్పుకుని వెళ్ళిపోయింది. అచ్చు కడిగి సైటుకు తీసుకెళ్ళాను. ఆ నెలంతా మా కాంక్రీటు దిమ్మలకు చీమలు పట్టాయి. ఎందుకో ఇంజనీరుకు ఇప్పటికీ తెలియదు. మీరు చెప్పకండి.

నా వృత్తిలో ప్రతి పనికీ వృథా అని కొంత సరుకు విడిగా లెక్క కడతాం. పారబోసేది, ఒలికేది, పనికిరాకుండా పోయేది. ఆ రోజు నేను లెక్క కట్టి, తూచి, పొడిచి, చదును చేసిన పనంతా ఆవు కూడా ముట్టలేదు. వృథాగా ఒలికిందే పండగ అయింది. దీన్ని ఏ పద్దులో వేయాలో నాకు ఇప్పటికీ తోచలేదు.

ఇప్పుడు ప్రతి ఏడూ డిసెంబరులో అదే పిండిని పళ్ళేల మీద పలచగా పరిచి, టిన్నుల పక్కన పెట్టి కాలుస్తాం. వేసవిలో పరంగికాయ దొరకనప్పుడు సుగుణ మునగాకు వేసి చేస్తుంది. ఎన్ని రకాలుగా చేసినా వీధివాళ్ళు మాత్రం పండగ రాగానే, "దాసన్నా, ఈసారి మా టిన్ను మీద జాస్తిగా పొంగించు," అని అడుగుతారు. అక్కేమో ఫోనులో, "లెక్కలు చూసుకో రా, భాయ్ పొయ్యి పాతబడింది," అని హెచ్చరిస్తుంది.

కనుక ఈ నా వ్రాతకు పాఠకులందరినీ సాక్షులుగా పెట్టుకుని, కుడి చెయ్యి తాపీ మీద ఉంచి, బస్సులో పంచెలు పాడైన ఇద్దరు పెద్దలకూ తలవంచి, శాశ్వతంగా ఒట్టు వేస్తున్నాను. ఊపిరి ఉన్న పిండిని ఇక కమ్మీతో పొడవను. ఒకటిన్నరను శ్లాబు దాటి వంటింటి గడప తొక్కనివ్వను. మూత తీయడానికి స్పానరు కావలసిన ఏ పాత్రలోనూ, బతికి ఉండగా, వంట చేయను.